బొంకిన పాపం ఎవరిది?

గూఢచారిణి అనగానే తెలుగు పాఠకుడి కళ్ళముందు నిలిచే బొమ్మ ఒకటుంది. నల్లకళ్ళజోడు, చేతిసంచిలో చిన్న తుపాకి, పెదవిమీద అర్థంకాని నవ్వు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ నవలలను అద్దెకు తెచ్చుకొని చదివిన తరానికి, 1966లో వచ్చిన 'గూఢచారి 116' చూసి ఈలలు వేసిన తరానికి ఈ బొమ్మ బాగా పరిచయం. ఆమె మోసం చేస్తుంది, లేదా మోసపోతుంది. కథ ముగిసేసరికి చచ్చిపోతుంది, కాకపోతే కథానాయకుడి భార్య అవుతుంది. ఈ రెండు దారులు తప్ప మూడవది మన డిటెక్టివ్ సాహిత్యం ఆమెకు ఎక్కువగా ఇవ్వలేదు.

రెండవ ప్రపంచయుద్ధాన్ని నేపథ్యంగా తీసుకున్న ఇంగ్లీషు నవలలు ఈ బొమ్మను కొంత మార్చాయి. సెబాస్టియన్ ఫాక్స్ 'షార్లెట్ గ్రే' (1998), కెన్ ఫాలెట్ 'జాక్‌డాస్' (2001), క్రిస్టిన్ హానా 'ది నైటింగేల్' (2015) వంటివాటిలో స్త్రీయే కథకు ఇరుసు. జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులో ఆమె మారుపేరుతో తిరుగుతుంది, విమానం కూలి దిగబడిన సైనికులను కొండలు దాటిస్తుంది, పాచిపనిమనిషి వేషంలో శత్రువు టెలిఫోన్ కేంద్రంలోకి చొరబడుతుంది. చదువుతున్నంతసేపూ మనల్ని పట్టి ఉంచే ప్రశ్న ఒక్కటే: దొరికిపోతుందా, తప్పించుకుంటుందా?

నేను ఇక్కడ అడగదలచుకున్నది వేరే ప్రశ్న. ఆమె రోజూ అబద్ధమాడుతోంది. పేరు అబద్ధం, ఊరు అబద్ధం, ఒక్కొక్కసారి మెడలోని సూత్రమూ అబద్ధమే. మంచి పనికోసమే ఆడుతోంది, నిజమే. అయితే ఆ అబద్ధం తాలూకు బరువు ఎవరి నెత్తిమీద పడుతుంది? ఆడిన ఆమెదా? ఆడమని పంపినవారిదా? ఆమె ఆడినందువల్ల బతికి బయటపడిన మనదా?

బొంకు విషయంలో మన పెద్దలు మౌనంగా ఏమీ లేరు. పోతన భాగవతంలో వామనుడికి దానమివ్వబోయే బలిని శుక్రాచార్యుడు ఆపుతాడు. ప్రాణానికి, ధనానికి, మానానికి ముప్పు వచ్చినప్పుడు, పెళ్ళి మాటల్లో, ఆవునూ బ్రాహ్మణుణ్ణీ కాపాడవలసి వచ్చినప్పుడు అబద్ధమాడినా పాపం అంటదని జాబితా చదివినట్టు చెబుతాడు. బలి వినడు. మాట తప్పడంకంటె సర్వస్వం పోవడమే మేలంటాడు. మనం బలిని మెచ్చుకుంటాం. కాని శుక్రుడి జాబితాను పారేయలేదు, పెళ్ళిసంబంధాల దగ్గర ఇప్పటికీ వాడుకుంటూనే ఉన్నాం.

మహాభారతం కర్ణపర్వంలో కౌశికుడి కథ దీనికి ఎదురుగా నిలుస్తుంది. సత్యమే పలుకుతానని వ్రతం పట్టిన తపస్వి అతడు. దొంగలు తరుముతుంటే కొందరు పారిపోయి దగ్గరి అడవిలో దాక్కున్నారు. ఎటు వెళ్ళారని దొంగలు అడిగితే కౌశికుడు ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్ళు చచ్చారు. సత్యం చెప్పిన కౌశికుడు నరకానికి పోయాడని కృష్ణుడు అర్జునుడికి చెబుతాడు. ఇదే ప్రశ్న 1797లో జర్మనీలో కాంట్ ముందుకు వచ్చింది. హంతకుడు తలుపు తట్టి, నీ స్నేహితుడు లోపలున్నాడా అని అడిగితే? అప్పుడుకూడా అబద్ధమాడే హక్కు లేదన్నాడు కాంట్. నావరకు నాకు ఈ విషయంలో కృష్ణుడి తీర్పే మానవత్వానికి దగ్గరగా కనిపిస్తుంది. తన వ్రతం చెడకూడదని ఇంకొకరి ప్రాణం ఒప్పగించినవాడు కాపాడుకున్నది సత్యాన్ని కాదు, తన పేరును.

ఇంతటితో ప్రశ్న తేలిపోయిందనుకోకూడదు. కౌశికుడి దగ్గరికి దొంగలు వచ్చారు, అతడు వెతుక్కుంటూ వెళ్ళలేదు. గూఢచారిణి అలా కాదు. ఇంట్లోనే అబద్ధాన్ని కుట్టుకొని, తొడుక్కొని బయలుదేరుతుంది. ఆపద్ధర్మంగా జారిన మాట వేరు, నెలల తరబడి బతికే అబద్ధం వేరు. ఈ తేడాను శాస్త్రాలలో వెతకడంకంటె ఒక మనిషి జీవితంలో చూడడం మేలు.

నూర్ ఇనాయత్ ఖాన్ 1914 జనవరి 1న మాస్కోలో పుట్టింది. తండ్రి బరోడాకు చెందిన వీణా విద్వాంసుడు, సూఫీ గురువు. తల్లి అమెరికన్. టిప్పు సుల్తాను వంశం. పెరిగింది పారిస్ దగ్గర. పిల్లలకోసం బుద్ధుడి జాతక కథలను ఇంగ్లీషులో తిరిగి చెప్పి 1939లో పుస్తకంగా తెచ్చింది. అటువంటి అమ్మాయిని బ్రిటిష్ వారి రహస్యసంస్థ వైర్‌లెస్ ఆపరేటరుగా తీసుకుంది. శిక్షణలో ఉండగా, రెండు నాలుకల వ్యవహారం తనకు ఇష్టముండదని ఆమె చెప్పినట్టు శిక్షకులు నివేదికలో రాశారు. ఈ పనికి తగదని కొందరు అభ్యంతరం చెప్పారు. ఆపరేటర్ల కొరత ఉంది, పంపారు.

1943 జూన్ 16 రాత్రి చిన్న విమానంలో ఆమె ఫ్రాన్సులో దిగింది. మగవాళ్ళకంటె ఆడవాళ్ళను పంపడానికి కారణముంది. వయసులో ఉన్న మగవాడు రోడ్డుమీద కనబడితే జర్మనీ ఫ్యాక్టరీలకు వెట్టిపనికి పట్టుకుపోయేవారు. బుట్ట తగిలించుకొని సైకిలుమీద వెళ్ళే ఆడదాన్ని అంతగా ఆపేవారు కారు. నూర్ దిగిన కొద్దిరోజులకే ఆమె పనిచేయవలసిన దళం చాలావరకు అరెస్టయింది. తిరిగి వచ్చేయమని లండన్ చెప్పినా, పారిస్‌లో వార్తలు పంపేవారు మరెవరూ మిగలలేదని రాలేదు. సామాను మోసుకుంటూ చోట్లు మారుస్తూ అక్టోబరు దాకా నెగ్గుకొచ్చింది. ఎవరో పట్టిచ్చారు. జైలునుంచి తప్పించుకోవడానికి ప్రయత్నించి దొరికింది. నెలల తరబడి సంకెళ్ళలో ఉంచారు. 1944 సెప్టెంబరు 13న దాఖౌ నిర్బంధ శిబిరంలో కాల్చిచంపారు. తమకు ఆమె ఏ రహస్యమూ చెప్పలేదని ఆమెను నిర్బంధించిన జర్మన్ అధికారే యుద్ధం ముగిశాక ఒప్పుకున్నాడు. 1949లో బ్రిటన్ ఆమెకు మరణానంతరం జార్జి క్రాస్ ఇచ్చింది.

ఈ కథలో అబద్ధం చెప్పడం రానిది నూర్ ఒక్కతే. ఆమెను పంపినవారి సంగతి చూడండి. జర్మన్లు పట్టుకున్న వైర్‌లెస్ యంత్రాలతో, మన మనుషులే పంపుతున్నట్టు లండన్‌కు వార్తలు పంపేవారు. వార్త నిజమైనదో కాదో తెలుసుకోవడానికి ముందే ఒక రహస్యపు గుర్తు ఏర్పాటు చేసుకున్నారు. పట్టుబడిన ఒక ఆపరేటరు ఆ గుర్తు వదిలేసి వార్త పంపితే, అది ప్రమాద సూచన అని గ్రహించవలసిన లండన్ అధికారులు, గుర్తు పెట్టడం మరిచావు, జాగ్రత్త అని తిరుగు జవాబిచ్చారు. నూర్ పట్టుబడిన తరువాత కూడా ఆమె యంత్రం పేరుమీద వచ్చిన వార్తలను నమ్మి పారాచూట్లతో మనుషులను దింపారు. కింద కాచుకున్నది జర్మన్లు. నూర్ చేసిన పొరపాటూ ఉంది, పంపిన వార్తలను నోటు పుస్తకంలో రాసి ఉంచుకుంది, అది శత్రువు చేతికి చిక్కింది. కాని కందకంలో ఉన్నవారి పొరపాటుకూ, కుర్చీలో ఉన్నవారి నిర్లక్ష్యానికీ ఒకటే తూకం వేయడం న్యాయమా?

కుర్చీలో ఉన్నవారి దృష్టి ఎలా ఉంటుందో మన కౌటిల్యుడు దాపరికం లేకుండా చెప్పాడు. అర్థశాస్త్రంలో చారుల వర్గాలలో పరివ్రాజిక ఒకటి. ఎవరిని ఎంచుకోవాలి? బతుకుతెరువు కోరుకొనే పేద విధవను, చొరవ కలిగి, అంతఃపురంలో మన్నన ఉండి, మంత్రుల ఇళ్ళకు రాకపోకలు సాగించగలదాన్ని. ముగ్గురు చారుల మాట ఒకటైతే నమ్మాలి. పదేపదే పొసగకపోతే చప్పుడు కాకుండా శిక్షించాలి. ఎంత స్పష్టమైన లెక్క! పేదరికం ఆమె అర్హత, మౌనంగా మాయమవడం ఆమె జరిమానా. 'ముద్రారాక్షసం'లో విషకన్య ప్రస్తావన వస్తుంది. ఆమెచేత పర్వతకుడు చచ్చాడు. ఎవరు ప్రయోగించారు, ఎవరికి లాభమన్న చర్చ నాటకమంతా నడుస్తుంది. ఆ పిల్లను ఎవరైనా అడిగారా అన్న చర్చ లేదు. పాముకోరలోని విషానికి అభిప్రాయం ఉండదు కదా!

రాజుల కాలం కాబట్టి అలా జరిగిందని సరిపెట్టుకోలేం. సమానత్వంకోసం సాగిన పోరాటంలోనూ ఈ ప్రశ్న తలెత్తింది. 1946 నుంచి 1951 దాకా నడిచిన తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు తుపాకి పట్టారు. మల్లు స్వరాజ్యం రాజక్క అన్న మారుపేరుతో అజ్ఞాతంలో తిరిగింది. ఆమె తలకు పదివేల రూపాయల వెల కట్టారు. ఆమె పేరు మనకు తెలుసు. ఉత్తరాలు చేరవేసినవారు, గంపలో బియ్యంకింద కాగితాలు దాచినవారు, పట్టణాలలో రహస్య స్థావరాలు నడిపినవారు చాలామంది పేర్లు తెలియవు. రహస్య స్థావరమంటే మామూలు సంసారంలా కనబడాలి. అందుకు ఒక ఆడమనిషి ఉండాలి. ఆమె పక్కింటివారితో నవ్వుతూ మాట్లాడాలి, నీళ్ళు పట్టుకోవాలి, ఎవరు వచ్చి వెళ్ళినా చుట్టాలని చెప్పాలి. తుపాకి పట్టినవాడి ధైర్యం పాటల్లోకి ఎక్కుతుంది, ఈ ధైర్యం ఎక్కడికీ ఎక్కదు.

స్త్రీ శక్తి సంఘటన వారు ఈ స్త్రీల దగ్గరికి వెళ్ళి, వారి మాటల్లోనే 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. దళంతో ఉండడానికి పసిబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ వంటి తల్లుల గోడు అందులో ఉంది. పోరాటం విరమించాక ఇళ్ళకు వెళ్ళిపొమ్మన్నారని, ఆ తరువాత తమ సంగతి అడిగినవారు లేరని చెప్పిన స్త్రీలు ఉన్నారు. అడవిలో, స్థావరాలలో పరాయి మగవాళ్ళ మధ్య తిరిగినదాన్ని ఊరు ఏ కళ్ళతో చూసిందో పాఠకులకు నేను వివరించనక్కరలేదు. నా దృష్టిలో అసలు అధర్మం ఇక్కడుంది. ఆమె అబద్ధం అవసరమైనన్నాళ్ళూ అది త్యాగం. అవసరం తీరాక అదే ఆమె నడతమీద మచ్చ. శత్రువును నమ్మించమని పంపినవారు, తిరిగి వచ్చాక ఆమెను తాము నమ్మడానికి వెనకాడారు.

ఇందుకే అసలు రహస్యమే వద్దన్న గాంధీగారి వాదం గుర్తుకు వస్తుంది. దాపరికం హింసకు చుట్టమన్నది ఆయన అభిప్రాయం. క్విట్ ఇండియా ఉద్యమంలో అజ్ఞాతంలో ఉన్న అరుణా అసఫ్ అలీకి, బయటికి వచ్చి లొంగిపొమ్మని 1944 జూన్‌లో రాశారు. ఆమెను మెచ్చుకుంటూనే రాశారు. ఆమె లొంగిపోలేదు, 1946లో వారెంటు రద్దయ్యాకనే బయటికి వచ్చింది. గాంధీగారి మాటలో బలముంది. దాపరికానికి అలవాటుపడిన ఉద్యమం తన మనుషులనుకూడా దాచిపెట్టడం, మరిచిపోవడం నేర్చుకుంటుంది. అయితే ఆ వాదానికి ఒక హద్దుకూడా ఉంది. బహిరంగంగా అరెస్టయితే కోర్టు, జైలు ఉన్నచోట సత్యాగ్రహి నిలబడగలడు. దాఖౌలో కోర్టు లేదు, వాంగ్మూలం లేదు, వినేవారు లేరు.

ఈ రెంటి నడుమ ఇంకొక దారి చూపిన స్త్రీ ఉషా మెహతా. 1942 ఆగస్టు 27న బొంబాయిలో రహస్యంగా కాంగ్రెస్ రేడియో ప్రసారం మొదలుపెట్టినప్పుడు ఆమెకు 22 ఏళ్ళు. నవంబరులో పోలీసులు పట్టుకున్నారు. నెలల తరబడి ప్రశ్నించారు, విదేశాలలో చదివిస్తామని ఆశ చూపారు. కోర్టులో, ఈ ప్రశ్నలకు జవాబు చెప్పి తీరాలా అని అడిగి, అక్కరలేదని తెలుసుకొని, నోరు విప్పలేదు. నాలుగేళ్ళ శిక్ష పడింది. మౌనం అబద్ధం కాదు, ఒప్పగింతా కాదు. కౌశికుడికి తట్టని ఉపాయం ఇదే. నూర్ కూడా చివరికి చేరుకున్నది ఈ మౌనానికే.

మన తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఎం.ఏ. చదివేటప్పుడు, వేదాంతంలో నీతికి చోటు లేదన్న విమర్శకు జవాబుగా వ్యాసం రాశారు. 1908లో అది పుస్తకమైంది. జగత్తు మాయ అయినంతమాత్రాన మనం చేసేది చెల్లిపోదన్నది ఆ వాదనలో సారం. వేషానికీ అదే వర్తిస్తుందని నేనంటాను. వేషం అబద్ధమైనా వేషంలో చేసింది నిజమే. దానికి జవాబుదారీ ఉండవలసిందే. కాకపోతే ఎవరు జవాబుదారీ?

నాకు తోచినది ఇది. అబద్ధం చెప్పించినవాడు దానికి మొదటి హక్కుదారు. పంపేముందు ప్రమాదం ఎంతో ఆమెకు విడమరిచి చెప్పాడా? కాదనే వీలు ఆమెకు ఉంచాడా? తిరిగి వచ్చినప్పుడు పదిమందిలో, ఆమె ఆడిన మాట నా మాటే అని చెప్పగలడా? ఈ మూడింటికీ ఔనని చెప్పగలిగినవాడే ఒకరిని అబద్ధమాడమని పంపడానికి తగినవాడు. యుద్ధనవల రాసేవారు, చదివేవారు దొరికిపోతుందా అన్న ప్రశ్న దగ్గర ఆగకుండా ఈ మూడు ప్రశ్నలనుకూడా వెంట తీసుకువెళ్తే ఆ నవలలకు మరికొంత బరువు వస్తుంది.

ఇదంతా ఫ్రాన్సుకో, నల్లగొండ అడవులకో సంబంధించినదని మనం పక్కకు తప్పుకోలేం. మన ప్రాంతంలో మగ్గం ఇళ్ళలోనైనా, ఉద్యోగస్థుల ఇళ్ళలోనైనా అప్పులవాడు వాకిట్లోకి వస్తే మగవాడు వెనక గదిలోకి పోతాడు. ఆయన ఊళ్ళో లేరండీ అని చెప్పేది భార్య. వాడు తిట్టే తిట్లు పడేదీ ఆమే. రేపు అదే మగవాడు, ఆడవాళ్ళ నోట నిజం నిలవదని పదిమందిలో నవ్వుతూ అంటాడు.