నుదుటి చెమట

ధ్యానించవలసిన భాగాలు: ఆదికాండము 3:17-19, 1 కొరింతీ 9:24-27, లూకా 22:39-46



ఇటీవల మన విచారణల్లో అనేక ఇళ్లలోకి ఒక కొత్త వస్తువు వచ్చింది. అదే ట్రెడ్‌మిల్. దానిమీద నడిచే మనిషి ఎంత నడిచినా ఉన్నచోటనే ఉంటాడు, కాళ్లకింది పట్టా మాత్రం వెనక్కి పోతుంటుంది. షుగరు, బీపీ ఉన్నవారిని నడవమని డాక్టర్లు చెబుతారు. బయట ఎండ, వాహనాలు, కుక్కలు. అందుకని కొంటారు. మొదటి నెల ఇంటిల్లిపాదీ నడుస్తారు. తరువాత కొన్ని ఇళ్లలో దానిమీద తడి తువ్వాళ్లు ఆరుతుంటాయి.

నవ్వుకోకండి. అలాంటి యంత్రం నా దగ్గర కూడా ఉంది. దాని గురించి మీ ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి.

పిల్లల దగ్గరకు విదేశం వెళ్లిపోతున్న ఒక కుటుంబంవారు తమ ట్రెడ్‌మిల్‌ను ప్రేమతో నాకు ఇచ్చారు. నాకూ షుగరు ఉంది. మే నెల మధ్యాహ్నం ఇద్దరు హమాలీలు ఆ బరువును మేడమీదికి చేర్చారు. మెట్లు ఇరుకు, మలుపులు మూడు. కింద పట్టినాయన వయసులో నాకంటె పెద్దవాడు. ఆయన తలపాగా తడిసి, చెమట కళ్లలోకి కారుతుంటే తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. పైకి చేర్చాక ఆరు వందలు అడిగారు. నేను బేరమాడి అయిదు వందలు ఇచ్చాను. “సరేలెండి అయ్యగారూ” అని పెద్దాయన కండువాతో మొహం తుడుచుకుని దిగిపోయాడు. మంచినీళ్లు ఇవ్వాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

ఆ సాయంత్రమే యంత్రం ఎక్కాను. నలభై నిమిషాలకు బనియను పిండితే నీళ్లు కారేటంత చెమట. తూకం చూసుకుంటే ముప్పావు కిలో తగ్గాను. ఎంతో సాధించానని సంతోషించాను. రాత్రి జపమాల చెప్పుకుంటూ దుఃఖ దేవరహస్యాల్లో మొదటిదానికి వచ్చేసరికి, గెత్సేమని తోటలో మన ప్రభువు చెమట దగ్గర నా నోరు ఆగిపోయింది. మధ్యాహ్నం చూసిన చెమట కళ్లముందుకు వచ్చింది. దాని విలువలోనుంచి వంద రూపాయలు కోసుకుని, అదే రోజు నా చెమటను చూసుకుని మురిసిపోయాను!

ప్రియ పాఠకులారా, ఈ చెమట అంటే ఏమిటో కొంచెం తెలుసుకుందాం.

కండరాలు పనిచేసేటప్పుడు ఖర్చయ్యే శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే కదలికగా మారుతుంది. మిగిలినదంతా వేడి. ఆ వేడి లోపలే ఉండిపోతే మనిషి బ్రతకడు. అందుకే సృష్టికర్త మన చర్మంలో ఇరవై నుండి నలభై లక్షల చెమట గ్రంథులను ఉంచాడు. ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 0.58 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది. ఆవిరైతేనే సుమా! బొట్లుబొట్లుగా నేలమీద కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు.

ఆరుబయట నడిచేవాడికి తన నడకే గాలిని పుట్టిస్తుంది. గదిలో ఉన్నచోటనే నడిచేవాడికి ఆ గాలి తగలదు. ఒంటిచుట్టూ వేడి, తేమ నిలిచిపోతాయి. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, కాబట్టి ఇంకా పోస్తుంది. మన కోస్తా జిల్లాల ఉక్కలో మరీ ఎక్కువ. అంటే గదిలో చెమట ధారగా కారిందంటే ఎక్కువ శ్రమ చేశామని అర్థం కాదు, గాలి చాలలేదని అర్థం. ఫ్యాను పెట్టుకోండి, కిటికీ తెరవండి, నీళ్లు తాగండి. తగ్గిన ముప్పావు కిలో కొవ్వు కాదు, నీరు. రెండు చెంబుల నీళ్లు తాగేసరికి నా తూకం తిరిగి వచ్చేసింది. గర్వం మాత్రం రాత్రిదాకా దిగలేదు.

చెమటనే ఫలితం అనుకుంటే ప్రాణాపాయం కూడా కలుగవచ్చు. 1997 చివరలో అమెరికాలో ముగ్గురు కళాశాల కుస్తీ వీరులు పోటీకోసం బరువు తగ్గాలని గాలి చొరని దుస్తులు వేసుకుని, వేడిలో వ్యాయామం చేసి మరణించారు. మన శరీరం పవిత్రాత్మకు ఆలయమని పునీత పౌలు గారు బోధించారు (1 కొరింతీ 6:19). ఆలయాన్ని ఊడ్చి శుభ్రంగా ఉంచుకోవాలి గాని, గోడలు కూలేదాకా కడగకూడదు కదా! గుండెజబ్బు, షుగరు ఉన్నవారు డాక్టరును అడిగి నడవండి. తల తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే ఆపండి.

ఈ యంత్రం పుట్టుక కూడా తెలుసుకోదగినదే. 1818లో ఇంగ్లండులో విలియం క్యూబిట్ అనే ఇంజనీరు జైళ్లలో ఖైదీలకోసం మెట్ల చక్రాన్ని రూపొందించాడు. ఖైదీలు వరుసగా నిలబడి ఆ చక్రపు మెట్లను గంటల తరబడి ఎక్కుతుండాలి. కొన్నిచోట్ల ఆ చక్రం పిండి విసిరేది, నీళ్లు తోడేది. మరికొన్నిచోట్ల ఏ పనికీ కాకుండా ఊరికే తిరిగేది. ఒళ్లు అలసిపోవడం ఒక శిక్ష, ఆ అలసటవల్ల ఎవరికీ ఏ మేలూ లేదని తెలిసి ఉండడం అంతకంటె పెద్ద శిక్ష. 1898లో వచ్చిన చట్టంతో దానికి తెరపడింది. ఆ తరువాత 1950 దశకం ఆరంభంలో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ బ్రూస్ అనే డాక్టరు, వేన్ క్వింటన్ అనే ఇంజనీరు నడిచే పట్టాను గుండె పరీక్షకు వాడారు. శిక్షకు వాడిన నడక ఈ విధంగా స్వస్థతకు సాధనమయింది.

శిక్షను స్వస్థతగా మార్చడం మన దేవునికి కొత్త కాదు. ఆదికాండము మూడవ అధ్యాయం శ్రద్ధగా చదవండి. దేవుడు సర్పాన్ని శపించాడు, నేలను శపించాడు. ఆదామును మాత్రం శపించలేదు. నుదుటి చెమటతో అన్నం తింటావన్నాడు. చెమట ఉంది, దానితోపాటు అన్నమూ ఉంది. నాటినుండి నేటివరకు మిరపకోతకు వెళ్లే తల్లి, ఇటుకబట్టీలో పనిచేసే తండ్రి అదే చెమటతో పిల్లల్ని పోషిస్తున్నారు. శ్రమలోని కష్టాన్ని సిలువ మోసిన క్రీస్తుతో కలిసి భరించేవారు ఆయన రక్షణ కార్యంలో పాలుపంచుకుంటారని పునీత రెండవ జాన్‌పాల్ పాపుగారు శ్రమను గురించి 1981లో వ్రాసిన విశ్వలేఖలో బోధించారు.

ఇక గెత్సేమనికి వెళదాం. ఆ రాత్రి చలిగా ఉంది. ప్రధానార్చకుని లోగిలిలో సేవకులు బొగ్గుల మంట వేసుకున్నారనీ, పేతురు అక్కడ చలి కాచుకున్నాడనీ యోహాను వ్రాశాడు (18:18). అంత చలి రాత్రి మన ప్రభువుకు రక్తబిందువులవంటి చెమట పట్టింది! అది ఎండవల్ల పట్టిన చెమట కాదు, నడకవల్ల పట్టిన చెమటా కాదు. మన పాపభారం ఎదుట నిలబడి, తండ్రి చిత్తానికి తలవంచిన ప్రార్థనలో పట్టిన చెమట. వైద్యుడని పేరున్న లూకా ఒక్కడే దీనిని వ్రాశాడు.

కాబట్టి ఆరోగ్యం కోసం చెమటోడ్చడం తప్పా? కాదు. శరీర సాధనవల్ల కొంత మేలుందని, భక్తివల్ల అన్నివిధాలా మేలుందని పౌలు గారే తిమోతికి వ్రాశారు (1 తిమోతి 4:8). పందెంలో పరుగెత్తేవాడిని చూపించి, నేను గమ్యం లేకుండా పరుగెత్తేవాడిని కానన్నారు. నడిచే యంత్రంమీద గమ్యం కనబడదు, నిజమే. కాని మన మనస్సుకు గమ్యం ఉండవచ్చు. భార్యాబిడ్డలకు భారం కాకుండా బ్రతకాలని, ఇంకొన్నేళ్లు దేవునికీ పొరుగువారికీ సేవ చేయాలని నడిచేవాడి చెమట వృథా కాదు. అద్దంలో చూసుకుని మురిసిపోవడానికే నడిచేవాడు ఖైదీ చక్రంమీదే ఉన్నాడు.

మన చెమటను లెక్కపెట్టే యంత్రాలు వచ్చాయి. ఎన్ని అడుగులు, ఎన్ని కేలరీలు అన్నీ చెబుతాయి. పొరుగువాడి చెమటను లెక్కపెట్టేది ఎవరు? కూలివాడి కూలి పొద్దుగుంకకముందే ఇవ్వమని ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది (ద్వితీయోపదేశ కాండము 24:14-15). బిగబట్టిన కూలి మొరపెడుతుందనీ, ఆ మొర దేవుని చెవిని చేరుతుందనీ యాకోబు హెచ్చరించాడు (5:4). ఆ లెక్క అక్కడ ఉంది.

సిలువ మార్గం ఆరవ స్థలంలో మనం వెరోనికమ్మను తలచుకుంటాం. ఆమె సంగతి సువిశేషాల్లో లేదు, సంప్రదాయంలో ఉంది. ఆమె సిలువను మోయలేదు, సైనికులను ఆపలేదు. ఒక వస్త్రంతో ప్రభువు మొహంమీది చెమటను, నెత్తురును తుడిచింది. అంతే. ఆ చిన్న పనిని శ్రీసభ ఇన్ని శతాబ్దాలుగా మరువలేదు. మన యంత్రాల పక్కన కూడా ఒక తువ్వాలు వేలాడుతుంటుంది. దానితో మన మొహమే తుడుచుకుంటున్నాం.

ఆ పెద్దాయనకోసం రెండు రోజుల తరువాత హమాలీల అడ్డాకు వెళ్లాను. వంద రూపాయలు చేతిలో పెట్టి, “పెద్దాయనా, ఆ రోజు తక్కువిచ్చాను, ఏమనుకోవద్దు” అన్నాను. ఆయన నవ్వి, “మీరు గుర్తుపెట్టుకున్నారు గదయ్యా, అది చాలు” అన్నాడు. నాకు మాత్రం అది చాలదనిపించింది. ఇప్పుడు మా మెట్లకింద ఒక కుండ, గ్లాసు ఉన్నాయి.

మీరు కూడా ఈ వారం ఒక పని చేయండి. మీ ఇంటికి బియ్యం బస్తా మోసుకొచ్చినవాడికి, అంట్లు తోమే అమ్మకు, గోడకట్టే మేస్త్రీకి కూర్చోమని చెప్పి ముందు మంచినీళ్లు ఇవ్వండి. అడిగిన న్యాయమైన కూలిని బేరమాడకుండా ఆ పూటే ఇవ్వండి. తరువాత నడకకు వెళ్లండి. మొదటి అయిదు నిమిషాలు వారి పేర్లు తలచుకుని ప్రార్థించండి. పేరు తెలియకపోతే మరునాడు అడిగి తెలుసుకోండి.

ప్రార్థించుదము: గెత్సేమని తోటలో మాకోసం చెమటోడ్చిన ప్రభువా, నీవిచ్చిన శరీరాన్ని భద్రంగా కాపాడుకునే వివేకాన్ని మాకు దయచేయండి. ఇతరుల చెమటపై బ్రతుకుతూ దానిని చూడని మా కన్నులను తెరువండి. ఎండలో పనిచేసే మా సహోదరీ సహోదరులకు నీడను, నీటిని, న్యాయమైన కూలిని అనుగ్రహించండి. ఆమెన్.