నిలిచిన పెంకులు



2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. గాలి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగముతో వీచెను; ఒక్కొక్క విసురు 165 వరకు పోయెను. కంచిలి, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలినవి. పనసచెట్లు వేళ్లతో లేచిపడినవి. తిత్లీ అనగా సీతాకోకచిలుకయట. పేరు పెట్టినవారు మా ఉద్దానమును చూచియుండరు.

ఆ ఆదివారము ఆరాధనలో నేను లేచి, రాత్రియంతయు మోకరించితిననియు, నా యింటి పెంకు ఒక్కటియు కదలలేదనియు సాక్ష్యము చెప్పితిని. అనేకులు ఆమేన్ అనిరి. కూటము ముగిసిన పిమ్మట, తోటయంతయు పోగొట్టుకొనిన ఒక విధవరాలు నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఆ రాత్రి నేనూ ప్రార్థన చేసినాను గదా" అనెను. ఆమె స్వరములో కోపము లేదు. ఉండినయెడల నాకు కొంత తేలికగా నుండెడిది.

ఆమెకేమి చెప్పుదును? ఆమె పాపము నా పాపముకంటె అధికమందునా? సిలోయము గోపురము క్రింద పడి చనిపోయిన పదునెనిమిదిమందిని గూర్చి అట్టి లెక్క వేయవద్దని ప్రభువే వారించెను. అయితే ఆమె నష్టము పాపఫలము కానియెడల, నా పెంకులు నా ప్రార్థనకు కూలి యెట్లగును? త్రాసులో ఒక తట్టను ఒప్పుకొని రెండవదానిని కాదనుట కుదరదు. తుపానుకు బలమిచ్చినది వెచ్చని సముద్రము. నా పెంకులకు చాటైనది ప్రక్కనున్న పొరుగువాని మిద్దె. ఆ మిద్దె యజమానుడు ఏ గుడికిగాని చర్చికిగాని పోవువాడు కాడు!

మరి స్తుతించుట మానవలెనా? మానరాదు. దేవుడు గాలివానలో మనలను విడిచెనని నేను చెప్పుటలేదు. కాని అరణ్యములో మన్నాను మరునాటికి దాచుకొనినవారి కుండలో పురుగులు పట్టెను. ఇంటిలోనే దాచుకొనిన కృతజ్ఞతయు అంతియే. కొబ్బరిమొక్క నాటినది మొదలు కాపునకు ఆరేడేండ్లు పట్టును. ఆమెకు అప్పటికే అరువది దాటినవి. ఒక్క ఆదివారపు సాక్ష్యము ఆ యేండ్లకు చాలునా?

మరుసటి వారము సంఘపు యువకులు రంపములు, గొడ్డళ్లు పట్టుకొని ఆమె తోటకు పోయిరి. నేనును పోయితిని, యాబది దాటిన నడుము రెండు మొద్దులకే మొరాయించెను. మధ్యాహ్నము ఆమె పడిపోయిన చెట్ల కాయలే కొట్టి మాకందరికి నీళ్లిచ్చెను. మొదటి కాయ నా చేతికిచ్చెను. వద్దనుటకు నాకు నోరు రాలేదు.