బాగుచేయడమా, మార్చడమా?

అరిగిన వస్తువును పారేయకుండా బాగుచేయించుకునేవాణ్ణి మనం మెచ్చుకుంటాం. చిల్లుపడ్డ బిందెకు మాటు వేయించుకున్నవాళ్ళం, చినిగిన పంచెను కుట్టించి కట్టుకున్నవాళ్ళం. పొదుపు మంచి గుణమే. అయితే ఆ గుణానికి హద్దు ఎక్కడ? మాటల్లో తేల్చడం కష్టం కాబట్టి ఒక ఇనుప వస్తువును ముందు పెట్టుకుందాం: పాత ట్రాక్టరుకుండే పవర్ స్టీరింగ్ సిలిండర్.

పూండి, తిరుత్తణి ప్రాంతాల మనవారికి ట్రాక్టరు నిన్న మొన్నటిది కాదు. తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రంలో చేరిన 1960లోనే మద్రాసులో టాఫే సంస్థ కూడా మొదలైంది. (సరిహద్దు మారినంత సులువుగా మన మాట మారలేదు, అది వేరే కథ.) ఆనాటి బండ్లలో చాలావాటికి చేతి స్టీరింగే. పవర్ స్టీరింగ్ ఉన్న బండిలో పంపు తోసిన నూనె సిలిండర్‌లోని పిస్టన్‌ను ఒక పక్కనుంచి నెడుతుంది. రాడ్డు కదిలి ముందు చక్రాలను తిప్పుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ లోపలి రబ్బరు సీళ్ళు గట్టిపడి నూనె కారుతుంది. తడిసిన రాడ్డుకు దుమ్ము అంటుకుని, మెరిసే క్రోమియం పూత మీద గీతలు పడతాయి. ఆనక తుప్పు, చిన్న చిన్న గుంటలు.

సీళ్ళ కిట్టు తక్కువ ధరకు వస్తుంది. రాడ్డు నున్నగా, గొట్టం లోపల గీతలు లేకుండా ఉంటే సీళ్ళు మార్చడమే సరైన పని. అలాంటి సిలిండర్‌ను పారేసి, సంతకం లేని చీటీలాంటి ఊరూపేరూ లేని కొత్తది బిగించడం తెలివి కాదు. కొత్తదల్లా గట్టిదని ఎవరు చెప్పారు? కానీ రాడ్డు గుంటలు పడి ఉంటే, ఆ గుంటలే కొత్త సీలును కోసేస్తాయి. అప్పుడు రాడ్డుకు మళ్ళీ క్రోమియం పూత వేయించాలి, లేదా సిలిండర్‌నే మార్చాలి. ఇక్కడే రైతు "ఈ పంటకు నెట్టుకొస్తే చాలయ్యా" అంటాడు. మెకానిక్కు ఎమరీ కాగితంతో రాడ్డును రుద్ది, కొత్త సీళ్ళు వేసి ఇచ్చేస్తాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు.

భాగాలన్నీ మార్చేశాక అది పాత బండేనా అని తర్కించేవారున్నారు. మిలిందుడి రథం చర్చకు దగ్గరి ప్రశ్నే అది. నాకు దానికంటే ఆ బండి వెనక ట్రాలీలో ఎవరు కూర్చున్నారన్నదే ముఖ్యం. చట్టం ఒప్పుకోకపోయినా నాట్లకు వెళ్ళే ఆడవాళ్ళు అందులోనే ఎక్కుతారు. కాలువ గట్టు మీద ఎదురుగా బడిపిల్లలు సైకిళ్ళ మీద వస్తుంటారు. బిందె మాటు ఊడితే తడిసేది మన ఇల్లే. ఇక్కడ మిగిలిన డబ్బు ఒకరి జేబులోకి, ముప్పు మరొకరి మీదికి పోతున్నాయి. వాళ్ళను ఎవరూ అడగలేదు. దీన్ని పొదుపు అనడానికి నాకు నోరు రావడం లేదు.

ముప్పు అన్ని బండ్లలో ఒకటే కాదు. స్టీరింగ్ చక్రానికీ ముందు చక్రాలకూ మధ్య ఇనుప లంకె ఉన్న బండిలో నూనె కారితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బండి తానే హెచ్చరిస్తుంది. ఆ లంకె లేకుండా నూనె ఒత్తిడి మీదే తిరిగే రకంలో, ఇంజను ఆగినా చేత్తో కొంత తిప్పవచ్చు. గొట్టం పగిలి నూనె పోయిందా, చేతిలో చక్రం ఊరికే తిరుగుతుంది. ఈ తేడా రైతుకు తెలియకపోవచ్చు. మెకానిక్కుకు తెలుసు. అందుకే చెప్పవలసిన బాధ్యత అతనిది. చెప్పినా రైతు వినకపోతే పని చేయనని అనడం కూడా అతని బాధ్యతే. పక్క షెడ్డువాడు చేసిపెడతాడన్నది జవాబు కాదు.

మరి డబ్బు లేనివాడి గతి? ఇనుప లంకె ఉన్న బండ్లలో కొన్నింటికి అదే రకంలో చేతి స్టీరింగ్ కూడా వచ్చింది. ఆ సామాను దొరికితే సిలిండర్‌ను తీసేసి దానికే మారిపోవచ్చు. దుక్కిలో మలుపు తిప్పినప్పుడల్లా భుజాలు లాగేస్తాయి. అయినా పొదుపు చేసినవాడే నొప్పీ భరిస్తాడు కాబట్టి లెక్క సరిపోయిందనిపిస్తుంది. కానీ మన ఊళ్ళలో బండి గలవాడే బండి తోలుతున్నాడా? సగం చోట్ల ఆ భుజాలు రోజుకూలికి వచ్చిన డ్రైవరువి.