మౌనానికి రెండు రంగులు

ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ గణిత, కంప్యూటర్ పరిశోధన సంస్థ. అక్కడి ఫర్హాద్ అర్బాబ్ 2004లో ప్రచురించిన ఒక పద్ధతి పేరు రియో. గ్రీకులో ఆ మాటకు ‘ప్రవహిస్తాను’ అని అర్థం. ఇందులో సాఫ్ట్‌వేర్ భాగాలు ఒకదాన్నొకటి ఎరగవు. ఏది ఎప్పుడు ఎటు పోవాలో చూసుకునేవి మధ్యనున్న చానళ్లే. నా ఉద్యోగంలో దీంతో ఎన్నడూ పని పడలేదు. అయినా ఆ చానళ్ల సంగతి చదువుతుంటే మా ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరే గుర్తొచ్చారు.

ఒక చానల్లో ఒక్క వస్తువే పడుతుంది. అవతలివాళ్లు దాన్ని తీసుకునేదాకా ఇంకోటి వెయ్యడానికి లేదు. మా నాన్న అచ్చం అంతే, మొదలుపెట్టిన మాట తేలేదాకా రెండోది ఎత్తనివ్వరు. ఇంకో చానల్‌కు రెండు చివర్లా ఇచ్చేవాళ్లే, పుచ్చుకునేవాళ్లుండరు. ఇద్దరూ ఒకేసారి ఇస్తేనే తీసుకుని, ఆ రెండూ పారబోస్తుంది. ఇద్దరి అడుగూ ఒక్కసారే పడాలి, దాని పని అంతే. అమ్మా పిన్నీ అరుగుమీద చెప్పుకునే కబుర్లు దేనికీ అని చిన్నప్పుడు విసుక్కునేవాణ్ణి.

నన్ను ఆపేసింది మూడోది. అవతల పుచ్చుకునేవాళ్లు సిద్ధంగా ఉంటే అందిస్తుంది, లేకపోతే జారవిడుస్తుంది. చెప్పడానికి ఇంతే. దీని అర్థాన్ని గణితంలో రాయబోతేనే చిక్కొచ్చింది. 2006లో వచ్చిన కన్‌స్ట్రెయింట్ ఆటోమేటా అనే గణిత నమూనాలు ‘అందవచ్చు, పోనూవచ్చు’ అని రెండు దారులూ చూపించి ఊరుకున్నాయి. అవతల చెయ్యి చాచి ఉండగా జారవిడిచినా తప్పు పట్టలేవు. మనిషి లేక పోయిందా, ఉండీ పోయిందా? ఆ తేడా అందులో ఇమడలేదు.

2007లో డేవ్ క్లార్క్, డేవిడ్ కోస్టా, అర్బాబ్ కలిసి చానళ్ల చివర్లకు రంగులు వేశారు. ప్రవాహం ఉంటే ఒక రంగు. లేనప్పుడు మాత్రం రెండు: ‘ఆగిన కారణం నా దగ్గరుంది’ అనేదొకటి, ‘కారణం అవతలి నుంచి రావాలి’ అనేదొకటి. జరిగినదానికి ఒకటి, జరగనిదానికి రెండు! రెండు చివర్లు కలిసేచోట ఇద్దరూ కారణం అడిగేవాళ్లే అయితే ఆ బొమ్మ చెల్లదు. ఇద్దరూ ఇచ్చినా పరవాలేదు కానీ, ఒక్కరైనా ఇచ్చి తీరాలి.

పొలం పంపకాలప్పటి నుంచీ అన్నయ్యకూ నాకూ మాటల్లేవు. పోట్లాడుకున్నదీ లేదు. పెద్దవాడు, తనే ఫోన్ చెయ్యాలని నేను. చిన్నవాడు, వాడే చెయ్యాలని తను. దాన్ని అభిమానం అనుకున్నాను. గణితంలో చెల్లని బొమ్మ మా ఇంట్లో రెండేళ్లు చెల్లింది.

మొన్న ఆదివారం పొద్దున నేనే చేశాను. రింగయి రింగయి ఆగిపోయింది. చూశావా, ఉండీ ఎత్తలేదు అని లోపల ఒకడు అప్పుడే లేచాడు. ఫోన్ బోర్లించి కాఫీ కలుపుకుంటుంటే మోగింది. వదిన.

“మీ అన్నయ్య స్నానంలో ఉన్నారయ్యా. వస్తున్నారు, పెట్టెయ్యకు.”


పెట్టెయ్యలేదు.