పెట్టి పుట్టిన ఆకలి

గంజాయి తాగినవాడికి ఆకలెందుకు పెరుగుతుంది అనేది పాత ప్రశ్నే. జవాబు మాత్రం ఈమధ్యదే, పైగా అందులో మన మాట ఒకటుంది. గంజాయిలో మత్తెక్కించే పదార్థాన్ని 1964లో వేరుచేసి, దాని నిర్మాణం తేల్చినవాళ్ళలో రఫాయెల్ మెషూలం ఒకరు. ఆ పదార్థం వెళ్ళి కూర్చునే రిసెప్టర్, అంటే తాళంలాంటిది, మన మెదడులో ఉందని తర్వాత బయటపడింది. 1990లో దాని జన్యువుని కూడా పట్టుకున్నారు. దాని పేరు సీబీ1. ఎక్కడో కొండల్లో మొలిచే మొక్క కోసం మన మెదడు తాళం తయారుచేసుకుని కూర్చోదు కదా. దానికి సరిపడే తాళంచెవి ఒంట్లోనే ఎక్కడో తయారవుతూ ఉండాలి. 1992లో జెరూసలేంలో, మెషూలం ప్రయోగశాలలోనే, అదీ దొరికింది. దానికి వాళ్ళు పెట్టిన పేరు ఆనందమైడ్. అవును, సంస్కృతంలోని ఆనందమే.

తైత్తిరీయోపనిషత్తులో భృగువు కథ చాలామందికి తెలిసే ఉంటుంది. బ్రహ్మమంటే ఏమిటో తెలుసుకోవడానికి తపస్సు చేసి, మొదట అన్నం దగ్గర ఆగుతాడు. అది చాలదనిపించి మళ్ళీ మళ్ళీ తపస్సు చేసి, ప్రాణం, మనసు, విజ్ఞానం దాటుకుని, చివరికి ఆనందం దగ్గరికి చేరతాడు. ఈ అణువు దగ్గర మధ్య మెట్లేవీ లేవు. అన్నానికీ ఆనందానికీ ఒకటే తాళం.

ఆ తాళం ఒక్క మెదడులోనే లేదు. కొవ్వు కణాల్లో, కాలేయంలో, పేగుల్లో, కండరాల్లో కూడా ఉంది. మెదడులో అది తిండి మీద ఇష్టాన్ని పెంచుతుంది. కాలేయంలో కొవ్వు తయారీని, కొవ్వు కణాల్లో నిల్వని ఎగదోస్తుంది. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్నవాళ్ళలో ఈ వ్యవస్థ అతిగా పనిచేస్తూ ఉంటుంది. ట్రైగ్లిజరైడ్లు పెరగడం, ఇన్సులిన్ మాట ఒళ్ళు వినకపోవడం, అక్కణ్ణుంచి షుగరూ గుండెజబ్బూ, ఇవన్నీ ఒకే దారిలో వచ్చే ఊళ్ళు.

నన్ను బాగా కదిలించింది మాత్రం ఎలుకపిల్లల ప్రయోగం. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకి తొలిరోజే ఈ తాళాన్ని మూసేసే మందు ఇస్తే అవి పాలు తాగవు. చాలామటుకు కొద్దిరోజుల్లోనే చచ్చిపోతాయి. జిహ్వచాపల్యం అని మనం తిట్టేదీ, తల్లి పాల కోసం తడుముకునే మొదటి నోరూ ఒకే తీగ మీద నడుస్తున్నాయన్నమాట.

ఆ తీగని పెద్దవాళ్ళలో కొంచెం వదులు చేస్తే ఏమవుతుంది? ఫ్రెంచి కంపెనీ సనోఫీ ఆ పనే చేసింది. మందు పేరు రిమోనబాంట్. యూరప్‌లో చేసిన ట్రయల్లో రోజుకి 20 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్ళు ఏడాదిలో సగటున 6.6 కిలోలు తగ్గారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళు 1.8 కిలోలు తగ్గారు. నడుము తగ్గింది, మంచి కొలెస్ట్రాల్ పెరిగింది. 2006 జూన్‌లో యూరప్ అనుమతిచ్చింది. సరిగ్గా ఏడాదికి అమెరికా నిపుణుల సంఘం 14-0 ఓట్లతో వద్దంది. కారణం దిగులు, ఆందోళన, చచ్చిపోవాలన్న ఆలోచనలు. డిప్రెషన్ వల్ల ట్రయల్ మానుకున్నవాళ్ళు మందు వాడినవాళ్ళలో రెండున్నర రెట్లు ఎక్కువని 2007లో లాన్సెట్‌లో వచ్చిన విశ్లేషణ తేల్చింది. 2008 అక్టోబర్‌లో యూరప్ అమ్మకాలు ఆపించింది. మన దేశంలో జెనరిక్‌గా దొరికేది, 2009 డిసెంబర్‌లో నిషేధించారు.

నాలాంటి కోడ్ రాసేవాళ్ళకి ఇది బాగా తెలిసిన యాక్సిడెంటే. ఒక ఫంక్షన్‌ని వంద చోట్ల నుంచి పిలుస్తుంటారు. ఎవరో ఒకరి అవసరం కోసం దాన్ని మార్చేస్తాం, మిగతా తొంభై తొమ్మిది చోట్లా ఏదో ఒకటి విరుగుతుంది. కాకపోతే మాకు పాత వెర్షన్‌కి వెనక్కెళ్ళే వీలుంటుంది.

ఈ మందు నిజంగా గుండెని కాపాడుతుందా అని తేల్చడానికి 18,695 మందితో క్రెసెండో అనే పెద్ద ట్రయల్ మొదలుపెట్టారు. మందు మార్కెట్లోంచి పోవడంతో అదీ మధ్యలోనే ఆగిపోయింది. అప్పటికి గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణం కలిపిన లెక్కలో తేడా లేదు. ఒకవైపు 3.9 శాతం, ఇంకోవైపు 4.0. ఆత్మహత్యలు మందు తీసుకున్నవైపు నాలుగు, తీసుకోనివైపు ఒకటి.

ట్రయల్ ఇంకొన్నేళ్ళు నడిచి ఉంటే, బరువు తగ్గినందువల్ల కొన్ని వందల గుండెపోట్లు తప్పేవేమో అని వాదించేవాళ్ళున్నారు. నిజంగా తప్పి ఉంటే అప్పుడేం చేయాలి? తూకం వేసి, ఎక్కువ ప్రాణాలు ఎటుంటే అటు మొగ్గాలా? ఆపడమే సరైన పని అని నా అభిప్రాయం, అయితే దానికి కారణం ఆ అంకెలు కాదు. కీమోథెరపీ తీసుకునే మనిషి ఒకరోజు లేచి, ఈ బాధ నాకొద్దు, ఇంత ఖరీదు పెట్టి బతకలేను అనగలడు. ఆ మాట అతనిదే. ఇక్కడ అలా కాదు. ఏది కావాలి, ఏది అక్కర్లేదు అని తూచే తక్కెడ మీదే ఈ మందు చెయ్యి వేస్తుంది. నాకేదీ వద్దనిపిస్తోంది అని అతనంటే, ఆ మాట మనిషిదా మాత్రదా అని ఎవరు చెప్పాలి? అతను మొదటిరోజు సంతకం పెట్టిన సమ్మతి పత్రం ఈ ప్రశ్నకి సరిపోదు. అయినా, తండ్రి నలభై అయిదేళ్ళకే గుండెపోటుతో పోయినవాడొకడు ఎదురొచ్చి, ఆ రిస్కు నేను తీసుకుంటాను, నువ్వెవడివి అని అడిగితే, నా తర్కం అతని ముందు కొంచెం తడబడుతుందని నాకు తెలుసు.

ఇదంతా మందు సంగతి. మందు లేనప్పుడు మనం చేసే వైద్యం ఒకటుంది. దాని పేరు తిట్టు.

మూడేళ్ళ కిందట మా బావకి స్టెంటు వేశారు. అప్పటికి నలభై ఒకటి. ఐసీయూ బయట కుర్చీల్లో చుట్టాలందరం కూర్చున్నాం. మా మేనత్త, బావని కన్నతల్లి, ఏడుస్తూనే, "నోరు కట్టుకోరా అంటే విన్నాడా? ఎన్నిసార్లు చెప్పాను" అంది. ఎవరూ కాదనలేదు. ఆ పక్కనే మా బాబాయి ఉన్నాడు. అరవై రెండేళ్ళు, మనిషి రివట. పెళ్ళి భోజనంలో ఆయన తినే తిండి చూస్తే వడ్డించేవాళ్ళకి భయం. ఆయన గురించి మాత్రం ఎప్పుడూ ఒకటే మాట, "తిన్నది ఒంటికి పట్టదు. పెట్టి పుట్టాడు" అని.

ఒంటికి పట్టడం అనే మాటలో జన్యుశాస్త్రం సగం ఉంది. 1986లో స్టంకార్డ్ బృందం డెన్మార్క్‌లో దత్తత వెళ్ళిన 540 మందిని చూసింది. పెద్దయ్యాక వాళ్ళ ఒళ్ళు కన్నవాళ్ళని పోలింది, పెంచినవాళ్ళని కాదు. 2007లో ఎఫ్‌టీఓ అనే జన్యువులో ఒక మార్పు దొరికింది. దాని రెండు కాపీలూ ఉన్న పెద్దవాళ్ళు, ఒక్కటీ లేనివాళ్ళకంటే సగటున 3 కిలోలు ఎక్కువ బరువున్నారు. ఆనందమైడ్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ జన్యువులో కూడా ఒక మార్పుంది. దానికీ ఊబకాయానికీ సంబంధం ఉందని కొన్ని అధ్యయనాలు, లేదని మరికొన్ని. జన్యువులంటే ఇంతే, ఒక్క విలన్ దొరకడు, చిల్లరదొంగలు వందలమంది.

పెట్టి పుట్టడం అనే మాట ఇంకా చిత్రమైనది. తత్త్వశాస్త్రంలో నైతిక అదృష్టం అనే చర్చని 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నాగెల్ లేవదీశారు. మన చేతిలో లేనివాటికి మనల్ని మెచ్చుకోవచ్చా, నిందించొచ్చా అన్నది దాని సారం. ఆ ప్రశ్నని మన భాష ఒక్క క్రియతో మూసేసింది. పెట్టాడు కాబట్టి పుట్టాడు. పోయిన జన్మలో దానం చేశాడు, ఈ జన్మలో అరగదీసుకుంటున్నాడు. అదృష్టం అనేదే లేకుండా అంతా సంపాదనే అయిపోయింది. వినడానికి ఓదార్పుగా ఉంటుంది గానీ, లేనివాడి వైపునుంచి చూస్తే ఎంత క్రూరమో. బావ పెట్టలేదు కాబట్టి పట్టింది.

అయితే అంతా జన్యువులే అని చేతులెత్తేయడం కూడా నాకు నచ్చదు. పదేళ్ళుగా స్వీటు ముట్టని షుగర్ పేషెంటుని, నీ రిసెప్టర్లు మంచివిలే అంటే అది అవమానం. అతను నిజంగా ఏదో చేశాడు. సమస్య ఎక్కడంటే, ఎవరు ఎంత బరువు మోస్తూ అంత దూరం నడిచారో బయటి ఒళ్ళు చెప్పదు. 2004లో పూణే డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటోలూ పక్కపక్కన లాన్సెట్‌లో అచ్చువేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2. సన్నగా కనపడే భారతీయుడి లోపల ఏముందో ఆ ఫొటో చెబుతుంది. మా బాబాయి ఇంతవరకూ ఒక్క రక్తపరీక్ష చేయించుకోలేదు. సన్నగా ఉన్నానన్న ధీమా. ఒళ్ళు చూసి తీర్పు చెప్పే అలవాటు లావుగా ఉన్నవాణ్ణి అవమానిస్తే, సన్నగా ఉన్నవాణ్ణి మోసం చేస్తుంది.

మరి బాధ్యత ఎవరిది? ఒక్క తరంలో జన్యువులు మారవు. దేశంలో 10.1 కోట్లమందికి షుగరుందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. ఇంతమందీ ఒక్కసారిగా నిగ్రహం పోగొట్టుకున్నారా? నా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇంకో సంగతి తెలుసు. రాత్రి పదిన్నరకి ఫోన్లో వచ్చే బిర్యానీ ఆఫర్ ఊరికే రాదు. ఏ మాట పెడితే, ఏ నిమిషంలో పంపితే ఎక్కువమంది నొక్కుతారో పరీక్షించి మరీ పంపుతారు. ఆ తాళం ఎక్కడుందో వాళ్ళకి సీబీ1 అన్న పేరు తెలియకుండానే తెలుసు. అదే జీతం ఇచ్చే లోకం పొద్దున్నే పదివేల అడుగుల పోటీ పెడుతుంది. నిగ్రహం కోల్పోయినందుకు మా బావని అడిగినట్టు ఆ పరీక్ష రాసినవాణ్ణి ఎవరూ అడగరు.

ఇప్పుడు కొత్త ఇంజెక్షన్లు వచ్చాయి. వీటి దారి వేరు, సీబీ1 జోలికి వెళ్ళవు. సెమాగ్లూటైడ్ 17,604 మంది మీద జరిగిన ట్రయల్లో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలని 20 శాతం తగ్గించింది. మెదడులోకి ఎక్కువగా వెళ్ళని కొత్తరకం సీబీ1 మందుల మీద కూడా మళ్ళీ పని మొదలైంది. ఇక వీటిని వాడేవాళ్ళ మీద కొత్త తిట్టు, షార్ట్‌కట్ అని. బీపీ మాత్ర వేసుకునేవాణ్ణి ఎవరూ షార్ట్‌కట్ అనరు. లావు తగ్గడంలో మనకి కావలసింది ఆరోగ్యం కాదనీ, ప్రాయశ్చిత్తమనీ ఆ ఒక్క మాట బయటపెట్టేస్తుంది.

బావ పోయిన ఏడాది నుంచీ ఇంజెక్షన్ తీసుకుంటున్నాడు. నెలకి పదివేలు దాటే ఖర్చు, ఆఫీసు ఇన్సూరెన్స్ ఇవ్వనంది. మొన్న ఆదివారం వాళ్ళింట్లో బిర్యానీ. నాలుగు ముద్దలు తిని కంచం పక్కకి జరిపాడు. నేను రిమోనబాంట్ కథంతా చదివి ఉన్నాను కాబట్టి భయంభయంగా అడిగాను.

"రుచి తెలుస్తోందా బావా?"

"భేషుగ్గా. యావ లేదంతే."

"దిగులుగా ఏమీ లేదు కదా?"

కాసేపు ఆలోచించాడు. "పక్కింటివాళ్ళ టీవీ ఇన్నేళ్ళకి ఆపినట్టుందిరా" అన్నాడు. మా అత్త వంటింట్లోంచి తొంగిచూసి, "అలా వదిలేస్తే ఎట్లారా, ఇంకో రెండు ముద్దలు తిను" అంది.