తప్పు లేని పశ్చాత్తాపం

ట్రాయ్‌లో బిగ్ బీవర్ రోడ్డు దగ్గర ఐ-75 ఎక్కి దక్షిణంగా పోతే డెట్రాయిట్ మెక్సికన్‌టౌన్ వస్తుంది. మే 10 మెక్సికో వాళ్లకు అమ్మల పండుగ. ఏ వారం పడినా తేదీ మారదు. అలాంటి ఒక రోజు అక్కడి హోటల్లో పక్కబల్ల పెద్దాయన గిటారు వాళ్లను ఒక పాట అడిగాడు. రెండో చరణం వచ్చేసరికి చెంచా కింద పెట్టి, మీసం తుడుచుకుంటున్నట్టు మొహమంతా తుడుచుకున్నాడు.

పాట పేరు ‘ఆమోర్ ఎతెర్నో’, శాశ్వత ప్రేమ. రోసియో దూర్కల్ 1984లో పాడిన రికార్డు వింటే ప్రియుణ్ణి పోగొట్టుకున్న మనిషి పాటే అనిపిస్తుంది. రాసిన హువాన్ గాబ్రియేల్ మాత్రం దాన్ని తన తల్లికి అంకితమిచ్చుకున్నాడు. ఇళ్లల్లో పాచిపని చేసుకుంటూ, సాకలేక, ఐదేళ్లవాణ్ణి హువారెస్ నగరంలో పిల్లల ఆశ్రమంలో వదిలిన తల్లి. ‘డబ్బు లేదు’ అనే పాట పాడి అతను పేరు తెచ్చుకున్నది 1971లో. మూడేళ్లకే, డబ్బు చేతికొస్తున్న రోజుల్లో, ఆమె పోయింది. లెక్క చూస్తే బాకీ అమ్మదే అనాలి. పాటలో బాకీపడ్డవాడు కొడుకు.

ఆ పాటలో నన్ను పట్టుకున్నది ఒకే ముక్క. నా మనస్సాక్షి నిమ్మళంగానే ఉంది, అయినా నీకు ఇంకాస్త చేసుండొచ్చని తెలుసు అంటాడు. ఎంత విచిత్రమైన పశ్చాత్తాపం! మన క్షేత్రయ్య పదాల్లో కలహాంతరిత ఉంది కదా, ప్రియుణ్ణి కసిరి పంపేసి ఆనక కుమిలిపోయే నాయిక. ఆమె చేసిన తప్పు ఆమెకు తెలుసు. పక్కనే చెలి ఉంది, మువ్వగోపాలుడికి కబురు పెట్టొచ్చు, వస్తే కాళ్లు పట్టుకోవచ్చు. ఆ ఏడుపులో కొంత బేరం కూడా ఉంటుంది (క్షేత్రయ్య గడుసువాడు). పాపానికైతే ధర్మశాస్త్రాలు ప్రాయశ్చిత్తాలు రాసిపెట్టాయి. ‘ఇంకాస్త’కు ఎవరూ ఏమీ రాయలేదు. ఆ ఇంకాస్తకు కొలత లేదు మరి.

ట్రాయ్ తెలుగువాళ్లకు స్పానిష్ ముక్క రాకపోయినా ఈ సంగతి తెలుసు. నెలనెలా డబ్బు పంపినవాళ్లమే. వేసవిలో రప్పించి నయాగరా చూపించినవాళ్లమే. పొద్దున్నే ఆఫీసుకు పోతూ కారులోంచి మాట్లాడుతుంటే, అటు సాయంత్రం దీపం పెట్టుకుని అమ్మ చెప్పిన కబురే మళ్లీ చెబుతుంది. ‘మీటింగుంది, పెట్టేస్తానమ్మా’ అంటాం. అందులో నేరమేముంది? మీటింగు నిజంగానే ఉంది. విమానాలు ఆగిపోయిన 2020లో చితిని ఫోను తెర మీద చూసిన కొడుకుల తప్పు అసలే లేదు.

అందుకే అమ్మ పోయాక ఏదో ఒకటి చేస్తాం. గుళ్లో అమ్మ పేరున అన్నదానం రాయిస్తాం, ఊరి బడికి ఫ్యాన్లు కొనిస్తాం. మంచి పనులే, కాదనను. కాకపోతే వాటికి రశీదు ఇస్తారు, ఈ బాధకు చెల్లుచీటీ దొరకదు.

పలకరించడానికొచ్చిన వాళ్లంతా అనేది ఒకటే, ‘నువ్వేం తక్కువ చేశావురా’ అని. హువాన్ గాబ్రియేల్ దాన్ని ముందే ఒప్పేసుకున్నాడు. ఒప్పుకున్నాక కూడా మిగిలిందేదో, అదే పాడాడు.