అనువాదంలో సహజత్వం: ఒక సమస్య

“చదువుతుంటే అనువాదమని తోచనే లేదు” అన్నది సమీక్షకులు అనువాదకుడికిచ్చే పెద్ద మెప్పు. ఫ్రెంచి గ్రంథాల ఇంగ్లీషు అనువాదాల విషయంలోనూ ఈ మాటే వినిపిస్తుంది. ఈ మెప్పును కొంచెం పరీక్షించాలని నా ఉద్దేశం.

సహజత్వం అక్కర్లేదని నేననను. ఫ్రెంచిలో ‘దమాందే’ అంటే అడగడం. దాన్ని పోలిన ఇంగ్లీషు మాట ‘డిమాండ్’ అంటే నిలదీసి అడగడం. మాటకు మాట పెట్టే అనువాదకుడి చేతిలో వినయంగా అడిగిన కూలివాడు దబాయించినవాడవుతాడు. ఇక్కడ సహజత్వం సొగసు కోసం కాదు. మాట్లాడినవాడికి న్యాయం చెయ్యడానికి.

అయితే ఫ్రెంచిలో ‘త్యు’, ‘వూ’ అని రెండు సంబోధనలున్నాయి. ఇంచుమించు మన ‘నువ్వు’, ‘మీరు’. నేటి ఇంగ్లీషులో రెంటికీ ‘యూ’ ఒక్కటే. దీన్ని వట్టి వ్యాకరణ విషయమని కొట్టిపారెయ్యలేం. 1793లో పారిస్ విప్లవకారులు పౌరులందరూ ఒకరినొకరు ‘త్యు’ అనే పిలుచుకోవాలన్నారు. అది సమానత్వ నినాదం. అదే ‘త్యు’ వలస పాలకుడి నోట అవమానమయింది. ఫ్రాన్జ్ ఫానన్ 1952లో వెలువడిన ‘నల్ల చర్మం, తెల్ల ముసుగులు’లో డాక్టర్ల తీరు చూపించాడు. యూరపు రోగిని ‘వూ’ అని కూర్చోమన్నవాడే, నల్లవాడో అరబ్బో రాగానే ‘త్యు’లోకి దిగుతాడు. రెండుచోట్లా ‘యూ’ అని సరిపెట్టి వాక్యాన్ని నున్నగా చేస్తే డాక్టరు అందరిపట్లా మర్యాదస్థుడే అవుతాడు!

కనుక వాక్యనిర్మాణం, పదాల వరస ఇంగ్లీషువే కావలసిందే. కాని మనిషికీ మనిషికీ గల సంబంధాన్ని తెలిపే మాట పోతే, అది మరో రూపంలో తిరిగి రావాలి: ‘సర్’, ‘బోయ్’ వంటి పిలుపులోనో, ఆజ్ఞాపించే ధోరణిలోనో. అందుకు వాక్యం కాస్త గరుకైతే కానివ్వండి.

ఇది మనకు పట్టని గొడవ కాదు. ఫ్రెంచి రచనలు మనకు ఎక్కువగా ఇంగ్లీషు మీదుగానే వచ్చాయి. ‘యూ’ ఎదురైన ప్రతిచోటా తెలుగు అనువాదకుడు ‘నువ్వు’ అనాలో, ‘మీరు’ అనాలో తేల్చుకోక తప్పదు. మూలంలో స్పష్టంగా ఉన్నదాన్ని అతడు ఊహించవలసి వస్తుంది. యజమాని పనిమనిషిని ‘నువ్వు’ అనడం మన అలవాటు గనుక అలాగే రాస్తాడు. మూలంలో ఆ యజమాని ‘వూ’ అని ఉంటే? మన అంతస్తుల భేదాన్ని మనమే పారిస్ ఇంటికి మోసుకెళ్లినట్టు.

మూలం దొరికేచోట ఆ ఒక్క మాటైనా సరిచూసుకోవడం అనువాదకుడి బాధ్యత. చదవడానికి హాయిగా ఉందా అని మాత్రమే కాక, ఎవరు ఎవరిని ఏమని పిలిచారో తెలుస్తోందా అని కూడా సమీక్షకుడు అడగాలి.